సంక్రాంతి రాత్రి మన మీదుగా వెళ్లిన అల

2022 జనవరి 15, శనివారం, సంక్రాంతి. హైదరాబాద్‌లో ఇంటికి తాళం వేసి అందరం ఊరెళ్లాం. మా బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన గోడకి ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. గాలి పీడనం కొలిచే గోరంత సెన్సర్, దానికో చిన్న బోర్డు, ఒక మెమరీ కార్డు, అంతే అందులో ఉన్నది. మొత్తం కలిపి వెయ్యి రూపాయల లోపు సరుకు. నిమిషానికి ఒక అంకె చొప్పున రాసుకుంటూ పోతుంది. ఇంట్లో మనుషులున్నా లేకపోయినా దాని పని దానిదే.

ఆ అంకెల్ని గ్రాఫ్ గీస్తే రోజూ ఒకే బొమ్మ వస్తుంది. పొద్దున పది దగ్గర ఒక గుట్ట, సాయంత్రం నాలుగుకి పల్లం, మళ్లీ రాత్రి పదికి గుట్ట, తెల్లవారుజామున నాలుగుకి పల్లం. సముద్రానికి ఉన్నట్టే గాలికీ రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. మన వైపు ఇది ఎంత క్రమంగా ఉంటుందంటే, గ్రాఫ్ చూసి టైమ్ చెప్పేయొచ్చు. మొదటిసారి చూసినప్పుడు సెన్సర్ పాడైందేమో అనుకున్నాను. పాడవలేదు. ఎండకి పైనున్న ఓజోన్, నీటి ఆవిరి వేడెక్కడం వల్ల గాలి మొత్తం అలా ఊగుతుందట.

పద్దెనిమిదిన తిరిగొచ్చి కార్డు తీసి చూశాను. పదిహేనో తేదీ రాత్రి ఎనిమిదిన్నర దాటాక, గీత మామూలుగా రాత్రి గుట్ట ఎక్కుతూ ఉండగా, మధ్యలో ఒక ముల్లు లేచింది. కొద్ది నిమిషాల్లో ఒక హెక్టాపాస్కల్ కంటే కాస్త ఎక్కువ పెరిగి, అంతకన్నా కిందికి జారి, చిన్నచిన్నగా వణికి, అరగంట దాటాక మళ్లీ దారిలో పడింది. హెక్టాపాస్కల్ అంటే గాలి పీడనానికి ఒక కొలత. ఒకటంటే ఎంతో కాదు. లిఫ్టులో రెండు మూడు అంతస్తులు ఎక్కితే వచ్చే తేడా. కానీ గోడకి కొట్టిన డబ్బా అంతస్తులు ఎక్కదు కదా.

తమ్ముడు చూసి, "ఎవరో తలుపు గట్టిగా వేసుంటారక్కా" అన్నాడు.

"తాళంచెవి నా బ్యాగులోనే ఉందిరా."

పండక్కి ఊళ్లో ఉండగా టీవీలో చూసిన వార్త అప్పుడు గుర్తొచ్చింది. పసిఫిక్‌లో టోంగా దేశం దగ్గర సముద్రంలో ఒక అగ్నిపర్వతం పేలింది. పేరు హుంగా టోంగా హుంగా హాపై. మన టైమ్ ప్రకారం అదే రోజు ఉదయం దాదాపు 9:45కి. లెక్క వేశాను. అక్కడి నుంచి హైదరాబాద్ సుమారు 12,300 కిలోమీటర్లు. పేలుడుకి గాలిలో లేచిన అల సెకనుకు 315 మీటర్ల వేగంతో వస్తే పది గంటల యాభై నిమిషాలు పడుతుంది. అంటే రాత్రి 8:35. కాగితం మీద ఆ అంకె వచ్చాక కాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. పొద్దున పిల్లలు డాబాల మీద గాలిపటాలు ఎగరేసుకున్న అదే గాలిలోంచి, రాత్రి అన్నాలు తినే వేళకి, ఆ అగ్నిపర్వతం పేలిన అల మన ఇళ్లన్నిటి మీదుగా వెళ్లింది. ఎవరికీ తెలియలేదు.

ఇది రాయడం మొదలుపెట్టింది ఆ ఆశ్చర్యం చెప్పడానికి ఒక్కదానికే కాదు. నాకో వాదన ఉంది. దానికి ముందు అసలు పైన ఏం జరిగిందో చెప్పాలి.

అగ్నిపర్వతం అనగానే మన కళ్ల ముందుకొచ్చేది లావా, బూడిద. టోంగాలో బూడిద స్తంభం 57 కిలోమీటర్ల ఎత్తుకి లేచింది. మనం ఎక్కే విమానాలు ఎగిరేది పది, పన్నెండు కిలోమీటర్లలో. అగ్నిపర్వతపు మేఘం మీసోస్ఫియర్ దాకా, అంటే యాభై కిలోమీటర్ల పైనుండే గాలి పొర దాకా వెళ్లడం శాస్త్రవేత్తలు కొలిచి చూసింది ఇదే మొదటిసారి. అయితే బూడిద చేరిన చోటుతో కథ ఆగిపోలేదు. అంత పదార్థం ఒక్కసారిగా పైకి తన్నుకొస్తే గాలి పక్కకి తోసుకుపోవాలి, పైకి లేవాలి, మళ్లీ కిందపడాలి. ఆ తోపులాటలో రకరకాల అలలు పుట్టాయి.

వాటిలో నా గ్రాఫ్‌లో ముల్లుగా పడ్డది ల్యాంబ్ వేవ్. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దీని గణితం చెప్పిన హోరెస్ ల్యాంబ్ పేరు మీద ఆ పేరు. నేలని పట్టుకుని, పై దాకా ఉన్న గాలి మందమంతా ఒక్క పలకలా అడ్డంగా ప్రయాణించే అల ఇది. వేగం దాదాపు శబ్దానిదే. చెరువులో బెడ్డ వేస్తే అలలు గట్టు దాకా వెళ్లి ఆగుతాయి, భూమి గుండ్రంగా ఉంది కాబట్టి దీనికి గట్టు లేదు. టోంగాకి సరిగ్గా అవతలి వైపు, ఆఫ్రికా ఉత్తర భాగంలో, అన్ని దిక్కుల నుంచి వచ్చిన అల ఒకచోట కలుసుకుని మళ్లీ వెనక్కి బయల్దేరింది. ఆరు రోజుల్లో ఒక దిక్కుగా నాలుగుసార్లు, ఎదురు దిక్కుగా మూడుసార్లు భూమిని చుట్టింది.

రెండో రకాన్ని గ్రావిటీ వేవ్స్ అంటారు. ఐన్‌స్టీన్ చెప్పిన గురుత్వ తరంగాలు వేరు, ఇవి వేరు. మన పత్రికలు రెండింటికీ ఒకే మాట వాడి పాఠకుల్ని చిక్కుల్లో పెడుతున్నాయి. ఖాళీ బిందెని చెరువు నీళ్లలోకి నొక్కి వదలండి. పైకి తన్నుకొస్తుంది, ఆగాల్సిన చోట ఆగకుండా ఇంకా లేస్తుంది, మళ్లీ మునుగుతుంది, ఊగుతుంది. గాలి కూడా అంతే. ఒక గాలి ముద్దని దాని చోటు నుంచి పైకి నెడితే, చుట్టూ ఉన్నదానికంటే బరువై కిందికి జారుతుంది, జారిన ఊపులో ఇంకా దిగి మళ్లీ లేస్తుంది. ఈ ఊపు పక్కలకి, పైకి పాకుతుంది.

పైకి పాకడంలోనే అసలు సంగతి ఉంది. పైకి వెళ్లే కొద్దీ గాలి పలచబడుతుంది. వంద కిలోమీటర్ల ఎత్తులో గాలి సాంద్రత నేల మీద ఉన్నదానిలో పది లక్షల వంతు కూడా ఉండదు. అల మోసుకెళ్లే శక్తి మధ్యలో ఖర్చు కాకపోతే, ఆ శక్తినే ఇంత పలచని గాలి మోయాలి. కాబట్టి ఊపు పెరగాలి. లెక్క ప్రకారం వంద కిలోమీటర్లకి వెళ్లేసరికి వెయ్యి రెట్లు. ఎడ్లబండి తోలే మనిషి చేతిలో చర్నాకోల గుర్తు తెచ్చుకోండి. పిడి దగ్గర చెయ్యి కదిలింది జానెడు, కొస దగ్గర ఛెళ్లుమంటుంది. వాతావరణం మొత్తం అలాంటి చర్నాకోలే. కింద మనకి తెలియకుండా వెళ్లిపోయిన కదలిక పైన ఛెళ్లుమంది.

ఎంతగా అంటే, పై వాతావరణాన్ని చూడ్డానికి నాసా పంపిన ఐకాన్ ఉపగ్రహం, పేలుడు తర్వాతి గంటల్లో గంటకు 720 కిలోమీటర్ల దాకా వేగం ఉన్న గాలుల్ని కొలిచింది. భూమి అయస్కాంత మధ్యరేఖ వెంబడి, నూరు కిలోమీటర్ల పైచిలుకు ఎత్తులో, పగటిపూట తూర్పుకి ఒక విద్యుత్ ప్రవాహం పారుతూ ఉంటుంది. ఆ రేఖ మన దేశంలో దక్షిణపు కొస మీదుగానే పోతుంది. ఆ ప్రవాహం మామూలు గరిష్ఠానికి అయిదు రెట్లు పెరిగి, ఆ తర్వాత దిక్కు మార్చుకుని కాసేపు పడమరకి పారింది. సముద్రంలో కొండ పేలితే ఆకాశంలో కరెంటు వెనక్కి తిరిగింది!

జపాన్‌లో ఇంకో వింత జరిగింది. ల్యాంబ్ వేవ్ అక్కడికి చేరడానికి ఏడు గంటలు పట్టాలి. దానికి మూడు గంటల ముందే జపాన్ మీద ఐనోస్ఫియర్, అంటే ఎండకి విద్యుదావేశం ఎక్కి ఉండే పై గాలి పొర, అలలు అలలుగా కదిలింది. గాలి రాకముందే గాలి అల ఎలా వచ్చింది? అప్పటికి గాలి అల ఆస్ట్రేలియా మీద ఉంది. అక్కడ పైన విద్యుత్ క్షేత్రం ఊగింది. ఆస్ట్రేలియా నుంచి బయల్దేరిన భూమి అయస్కాంత రేఖలు అంతరిక్షంలోకి లేచి, ఉత్తరాన దిగేది జపాన్ ప్రాంతంలో. తీగ మీద మీటితే అవతలి కొస కదిలినట్టు ఆ రేఖల వెంబడి ఊగు క్షణాల్లో జపాన్ చేరింది.

ఇక నా వాదన.

ఇదంతా మనకెలా తెలిసింది? అగ్నిపర్వతం పేలుతుందని కాచుకుని కూర్చున్న యంత్రాల వల్ల కాదు. ఐనోస్ఫియర్ కదలిక పట్టింది జీపీఎస్ రిసీవర్లు. వాటిని పెట్టింది భూమి పలకల కదలిక, సర్వే లెక్కల కోసం. ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్ ఐనోస్ఫియర్‌లో కాస్త ఆలస్యమవుతుంది. సర్వే చేసేవాళ్లకి అది తీసి పారేయాల్సిన తప్పు. ఇంకొకరు ఆ తప్పుని పారేయకుండా భద్రంగా ఉంచారు కాబట్టి అల దొరికింది. కింది అలల బొమ్మలు తీసింది మబ్బుల కోసం పెట్టిన వాతావరణ ఉపగ్రహాలు. అణుపరీక్షల్ని పసిగట్టడానికి ప్రపంచమంతా పెట్టిన చెవికి వినపడని శబ్దాల కేంద్రాలు 53 ఉంటే, 53కీ ఈ పేలుడు వినపడింది. హవాయీలో టెలిస్కోపుల దగ్గర రాత్రి ఆకాశాన్ని చూసే కెమెరాలో, 85 కిలోమీటర్ల పైన మసకగా మెరిసే గాలిలో, వలయాలు కనపడ్డాయి. ఎవరి పని వాళ్లు చేసుకుంటూ, ఏమీ జరగని రోజున కూడా రాసుకుంటూ పోయారు. అందుకే జరిగిన రోజున దొరికింది.

ఇది కొత్త కాదు. 1883 ఆగస్టు 27న ఇండోనేషియాలో క్రకటోవా పేలినప్పుడు, సుమారు 160 కిలోమీటర్ల దూరంలో బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, ఒక గ్యాస్ కంపెనీ ఉండేది. ఊరి దీపాలకి వెళ్లే గ్యాస్ ఒత్తిడి రాసే మీటర్ ఉండేది దాని దగ్గర. గాలి దెబ్బకి ఆ మీటర్ గీత కాగితం పైకొస దాటిపోయింది. పేలుడు ఎన్ని గంటలకి జరిగిందో తేల్చడానికి ఉపయోగపడ్డ ముఖ్యమైన ఆధారాల్లో అదొకటి. ప్రపంచంలో అక్కడక్కడా వాతావరణ కేంద్రాల్లో తిరిగే డ్రమ్ము మీద సిరా గీత గీసే బారోగ్రాఫులు ఉన్నాయి. అయిదు రోజుల్లో ఆ అల ఏడుసార్లు వాటి మీదుగా పోయింది. లండన్ రాయల్ సొసైటీ ఆ కాగితాలన్నీ తెప్పించి, 1888లో ఒక పెద్ద నివేదిక అచ్చువేసింది.

ఆ కాగితాలు ఏం చేశాయో వినండి. నా గ్రాఫ్‌లో రోజుకు రెండు గుట్టలు చెప్పాను కదా. ఎండ రోజుకు ఒక్కసారే వస్తుంటే గుట్టలు రెండెందుకు? గాలికి సహజంగానే పన్నెండు గంటల ఊపు ఉందేమో, ఉయ్యాలని దాని ఊపుకి తగ్గట్టు తోస్తే పెద్దగా ఊగినట్టు ఊగుతోందేమో అని లార్డ్ కెల్విన్ అనే శాస్త్రవేత్త 1882లో అన్నాడు. 1929లో జి.ఐ. టేలర్ అనే ఇంకో శాస్త్రవేత్త క్రకటోవా అల వేగం తీసుకుని లెక్క కట్టాడు. సహజమైన ఊపు పన్నెండు గంటలు కాదు, పదిన్నర గంటలు వచ్చింది. తోపుకీ ఊపుకీ పొంతన లేదు. 1937లో పెకెరిస్ అనే గణితవేత్త, పై వాతావరణంలో వేడి ఫలానా విధంగా ఉంటే ఇంకో నెమ్మది ఊపు కూడా ఉండాలి అన్నాడు. దాని జాడ కోసం ఆయన కూడా క్రకటోవా కాగితాల్నే వెతికాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రాకెట్లు పైకి వెళ్లి కొలిస్తే ఆయన అనుకున్నంత వేడి అక్కడ లేదు. ఉయ్యాల సిద్ధాంతం మూలపడింది. కానీ టోంగా పేలినప్పుడు, జపాన్ ఉపగ్రహం హిమవారి తీసిన బొమ్మల్లో, ల్యాంబ్ వేవ్ వెనకాల సెకనుకు 245 మీటర్ల వేగంతో ఇంకో అల నడుస్తూ కనిపించింది. పెకెరిస్ చెప్పిన రెండో ఊపు అదే. గణితం చేసిన ఎనభై అయిదేళ్లకి దొరికింది.

నేను దీన్ని తలుచుకున్నప్పుడల్లా ఆ గ్యాస్ కంపెనీ ఉద్యోగిని తలుచుకుంటాను. రోజూ కాగితం మార్చి, పాత కాగితం మీద తేదీ వేసి, బీరువాలో పెట్టి ఇంటికెళ్లిన మనిషి. చెత్తబుట్టలో వేసుంటే అడిగేవాడు లేడు.

మా డబ్బాలో ముల్లు చూశాక, ఇంకెక్కడైనా దొరుకుతుందేమోనని వెతికాను. ఇక్కడికి దూరం కాని ఒక కాలేజీ పైకప్పు మీద ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం ఉంది. నా డబ్బా లాంటివి వంద కొనొచ్చు దాని ఖరీదుతో. వెళ్లి అడిగాను. అక్కడ చూసుకునే ఆయన మంచి మనిషి, టీ కూడా తెప్పించారు. కంప్యూటర్ తెరిచి చూపించారు. నిమిషానికొకసారి కొలుస్తుందట. కానీ గంట సగటు మాత్రమే ఉంచి మిగతాది వారానికోసారి చెరిపేస్తారట. "డిస్కు నిండిపోతుంది మేడమ్, అంత ఎవరికి కావాలి?" అన్నారు. ఎనిమిది గంటల సగటు, తొమ్మిది గంటల సగటు పక్కపక్కన ఉన్నాయి. పైకి లేచిందీ కిందికి జారిందీ ఒకదానికొకటి కొట్టుకుపోయి, చదునుగా, ఏమీ జరగనట్టు ఉన్నాయి. ఆ యంత్రం అలని చూసింది. మనం చెరిపేశాం.

నిమిషానికొక అంకె అంటే ఏడాదికి 5,25,600 అంకెలు. ఫైలుగా చూస్తే పది ఎంబీ చుట్టూ. పెళ్లిలో తీసి వాట్సాప్‌లో పంపుకునే ఒక వీడియో అంత. దీనికి చోటు లేదనడం నాకు కోపం తెప్పిస్తుంది, దాచుకోను.

ఉపగ్రహాలు చూస్తున్నాయి కదా, నేల మీద ఇన్ని ఎందుకని అడుగుతారు. ఉపగ్రహానికి మబ్బు, ఆవిరి, వేడి కనిపిస్తాయి. నేల మీద ఒత్తిడి ఎంత పెరిగిందో అంత తేటగా చెప్పేది బారోమీటరే. చవక సెన్సర్లని నమ్మలేమని ఇంకో మాట. నా సెన్సర్ అసలు విలువలో ఒకటి రెండు హెక్టాపాస్కల్‌లు తేడా చూపించవచ్చు, ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ కావాల్సింది ఎంత ఉంది అన్నది కాదు, ఎప్పుడు ఎంత కదిలింది అన్నది. గోడ మీద గడియారం అయిదు నిమిషాలు ముందున్నా, అరగంట గడిచిందని చెప్పగలదు కదా.

ఇది సరదా లెక్క కూడా కాదు. ఆ రోజు జపాన్‌లో వాతావరణ సంస్థ సాయంత్రం వరకు పెద్ద సునామీ ప్రమాదం లేదనుకుంది. నీళ్లలో నడిచే సునామీ లెక్క ప్రకారం అది సబబే. కానీ ల్యాంబ్ వేవ్ సముద్రం మీదుగా పోతూ కింది నీటిని తనతో లాక్కుపోయింది. అనుకున్న టైమ్‌కి రెండు గంటలకి పైగా ముందే నీళ్లు కదిలాయి. అమామి ఓషిమా ద్వీపంలో అల మీటరుకి పైగా లేచింది. అర్ధరాత్రి దాటాక హెచ్చరికలు ఇవ్వాల్సి వచ్చింది. అలా ముందుగా వచ్చిన చిన్న అలలు కరేబియన్, మధ్యధరా సముద్రాల్లో కూడా నమోదయ్యాయి, నీటి దారిలో టోంగాతో వాటికి సూటిగా సంబంధమే లేకపోయినా. పసిఫిక్ అవతలి ఒడ్డున పెరూలో అలలకి ఇద్దరు చనిపోయారు. భూకంపం వస్తేనే సునామీ అన్న అలవాటు ఆ రోజు చాలలేదు. గాలిని కూడా చూడాలి, నిమిషం నిమిషం చూడాలి. మన దేశానికి సునామీ హెచ్చరికలు ఇచ్చే కేంద్రం ఇన్‌కాయిస్ ఉన్నది హైదరాబాద్‌లోనే. బంగాళాఖాతం అవతల అండమాన్‌లో బారెన్ ద్వీపం అగ్నిపర్వతం బతికే ఉంది, ఆ దిగువన క్రకటోవా పుట్టిన దీవుల వరస ఉంది. మన తీరం వెంబడి ప్రతి మండలంలో, ప్రతి కాలేజీ మీద ఉన్న బారోమీటర్ నిమిషాల లెక్క దాచి, అందరికీ కనపడేలా పెడితే ఎవరికేం నష్టం? గాలి ఒత్తిడిలో దాచాల్సిన రహస్యం ఏముంది?

తిరుపతికి దగ్గర్లో గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ చూస్తే పొలంలో నాట్లు వేసినట్టు 1,024 యాంటెన్నాలు వరసగా ఉంటాయి, పాత దూరదర్శన్ రోజుల్లో డాబాల మీద ఉండే చేపముల్లు యాంటెన్నాల లాంటివి. మూడు దశాబ్దాలుగా అది పై గాలుల్నీ ఈ గ్రావిటీ వేవ్స్‌నీ వెతుకుతోంది. ఎందుకంటే ఇవి అగ్నిపర్వతాలకే సొంతం కావు. మన మీద ఉరిమే ప్రతి పెద్ద మబ్బూ కొద్దో గొప్పో వీటిని పుట్టించి పైకి పంపుతుంది. అవి పైన విరిగి, తమ ఊపుని అక్కడి గాలులకి అప్పజెప్పి, పై వాతావరణాన్ని నడిపిస్తాయి. టోంగాది అన్నీ ఒక్క చోట, ఒక్క క్షణంలో, ఒక్క దెబ్బలో జరిగిన ప్రయోగం. అందుకే శాస్త్రవేత్తలకి అంత విలువ. ఆ దెబ్బ తిన్న మనుషులకి అది ప్రయోగం కాదు. మాంగో ద్వీపంలో ఇళ్లన్నీ కొట్టుకుపోయాయి. సముద్రం అడుగున కేబుల్ తెగి, టోంగా జనం అయిదు వారాల పాటు సరిగా ఇంటర్నెట్ లేకుండా ఉన్నారు. విదేశాల్లో ఉన్న టోంగా పిల్లలు అమ్మానాన్నలు బతికున్నారో లేదో తెలియక అల్లాడిన ఆ రోజుల్లోనే, వాళ్ల ఊరి నుంచి బయల్దేరిన గాలి మా బాల్కనీ గోడని తాకి వెళ్లింది.

కొన్ని వారాల తర్వాత ఆ ఫైలు మళ్లీ తెరిచాను. ఎదురు దిక్కుగా భూమి చుట్టి వచ్చే అల హైదరాబాద్‌కి ఎప్పుడు రావాలో లెక్క వేస్తే, 16వ తేదీ, కనుమ నాడు, ఉదయం 10:10 ప్రాంతం వచ్చింది. చూశాను. ఉంది. రోజూ వచ్చే పది గంటల గుట్ట మీద, మొదటిదానికంటే చిన్నగా, గుర్తుపట్టగలిగేంత. మొదటిసారి చూసినప్పుడు ఆ గుట్ట మాటున తప్పించుకుంది. ఇక మొదటి అలే పూర్తిగా ఒక చుట్టు తిరిగి 17వ తేదీ ఉదయం ఎనిమిదికి కాస్త ముందు మళ్లీ రావాలి. ఫైలులో అక్కడికి వెళ్లాను. 6:42 తర్వాతి వరస 9:15. మధ్యలో ఏమీ లేదు. ఆ పొద్దున మా వీధిలో కరెంటు పోయిందని పక్కింటావిడ చెప్పింది.

ఆ సాయంత్రమే డబ్బాకి బ్యాటరీ తగిలించాను.